అవ్వ దాచిపెట్టిన మాట – మన తిండి, పెద్దపేగు క్యాన్సర్

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని చెల్లెళ్లు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. గంట కొట్టకముందే కంచం పట్టుకుని వరుసలో నిలబడటం, పరీక్షల ముందు వరండాలో లైటు కింద చదువుకోవడం, ఆదివారం ఇంటి నుంచి ఎవరైనా వస్తారేమోనని గేటు వైపు చూడటం – ఇవన్నీ మీకూ తెలిసినవే. వాటికి బదులు మా అవ్వ గురించి, ఆమెను తీసుకుపోయిన జబ్బు గురించి రాస్తున్నాను. ఇది చదివి మీలో ఒక్కరు ఇంటికి వెళ్లి తమ అవ్వనో తాతనో ఒక ప్రశ్న అడిగినా నా రాతకు ఫలితం దక్కినట్టే. ఆ ప్రశ్న ఏమిటో చివర్లో చెబుతాను.

మాది ఆళ్లగడ్డకు దగ్గర్లో ఒక పల్లె. ఆరు నుంచి పది దాకా ఆళ్లగడ్డ హాస్టల్లో, ఇంటర్, డిగ్రీ నంద్యాల హాస్టల్లో ఉండి చదివాను. పోయిన సంవత్సరం ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే.

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ బాగా చిక్కిపోయి కనిపించింది. ముఖం పాలిపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రాత్రి పక్కన పడుకుని గుచ్చి గుచ్చి అడిగితే మెల్లగా చెప్పింది. ఏడాది నుంచి బయటికి పోయినప్పుడు రక్తం పడుతోందట. "వేడి చేసిందిలే పాపా, మజ్జిగ తాగుతున్నాను" అంది. ఊళ్లో మందులిచ్చే ఆయన చూడకుండానే మొలలని చెప్పి మాత్రలిచ్చాడట. ఇంట్లో మా నాయనకు చెప్పలేదు, మా అమ్మకూ చెప్పలేదు. అలాంటి మాట నోటితో ఎట్లా చెప్పేదని ఆమె సిగ్గు.

కర్నూలు తీసుకుపోయి పరీక్ష చేయిస్తే పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది. పదకొండు నెలలు బతికింది. ఆమెకు 66 ఏళ్లు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆ సంక్రాంతికి నెల ముందే సెమిస్టర్ పరీక్షలో ఇదే జబ్బు మీద అయిదు మార్కుల ప్రశ్నకు జవాబు రాశాను. లక్షణాలన్నీ వరుసగా రాశాను. ఆ లక్షణాలతో ఒక మనిషి మా ఇంట్లోనే తిరుగుతోందని నాకు తెలియదు.

అవ్వ పోయాక మా నాయన ఒక మాట అడిగాడు: "జన్మంతా జొన్న రొట్టె తిన్న మనిషికి ఈ రోగం ఎందుకొచ్చింది? ఇది షోకు తిండి తినేవాళ్లకు వచ్చే రోగం కదా?" ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ జబ్బు ఏమిటి?

మనం తిన్నది జీర్ణాశయంలో, చిన్నపేగులో అరిగాక మిగిలిన భాగం పెద్దపేగులోకి వస్తుంది. పెద్దపేగు సుమారు మీటరున్నర పొడవుంటుంది. చివరి భాగాన్ని పురీషనాళం అంటారు. ఈ రెంటిలో వచ్చే క్యాన్సర్‌ను కలిపే లెక్కపెడతారు.

పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. పాత కణాలు రాలిపోతాయి, కొత్తవి పుడతాయి. ఇంత వేగంగా కణాలు విభజన చెందేచోట అప్పుడప్పుడు జన్యువుల్లో తప్పు దొర్లుతుంది. చాలా తప్పులను శరీరమే దిద్దుకుంటుంది. దిద్దుకోలేనివి ఏళ్ల తరబడి పోగుపడతాయి. అట్లా పోగుపడినచోట పులిపిరి లాంటి చిన్న కండ లేస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. కొన్ని మాత్రం పెరిగి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. ఇందుకు మామూలుగా పదేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది.

ఎక్కువమందికి యాభై దాటాకే ఈ జబ్బు బయటపడటానికి కారణం ఇదే. అరవై ఏళ్లకు కనిపించిన జబ్బు నలభైల్లోనే మొలకెత్తి ఉండవచ్చు. మన దేశంలో చిన్న వయసువాళ్లలోనూ ఇది కనిపిస్తోంది కాబట్టి ముసలివాళ్ల జబ్బేలే అని కొట్టిపారేయడానికీ లేదు.

ప్రపంచంలో ఎక్కడ ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం లెక్కల ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది. సుమారు 9 లక్షల మంది చనిపోయారు. కొత్తగా వచ్చే క్యాన్సర్లలో దీనిది మూడో స్థానం, మరణాల్లో రెండో స్థానం.

యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్‌లలో ఇది ఎక్కువ. మన దేశంలో జనాభాతో పోల్చి చూస్తే తక్కువ. అయినా మన జనాభా పెద్దది కాబట్టి 2022లో సుమారు 70 వేల మందికి వచ్చినట్టు అంచనా.

ఈ తేడా పుట్టుకతో వచ్చిందా, బతుకు తీరుతో వచ్చిందా? ఈ ప్రశ్నకు వలస పోయినవాళ్లు జవాబు చెప్పారు. ఒకప్పుడు జపాన్‌లో ఈ జబ్బు తక్కువ. జపాన్ నుంచి హవాయి దీవులకు, అమెరికాకు వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో ఒకటి రెండు తరాల్లోనే అక్కడివాళ్ల స్థాయికి పెరిగింది. తర్వాత జపాన్‌లోనే తిండి మారింది, అక్కడే జబ్బు పెరిగింది. అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన భారతీయుల్లో కూడా ఇక్కడున్నవాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తోంది. మనిషి రక్తం మారలేదు, ఊరు మారింది. ఊరితోపాటు కంచమూ, ఒంటి కష్టమూ మారాయి.

పీచు ఏం చేస్తుంది?

డెనిస్ బర్కిట్ అనే ఐర్లాండ్ సర్జన్ ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశాడు. అక్కడి పల్లె జనంలో పెద్దపేగు క్యాన్సర్ చాలా అరుదుగా కనిపించడం ఆయన గమనించాడు. వాళ్ల తిండిలో పీచు ఎక్కువగా ఉండటమే కారణమై ఉండవచ్చని 1971లో రాశాడు. అప్పటిదాకా పీచును అరగని పొట్టుగానే చూసేవాళ్లు.

పీచు మనకు అరగదన్నది నిజమే. కానీ పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. పీచు వాటికి తిండి. అవి పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు పొరలోని కణాలకు ఇదే ముఖ్యమైన ఇంధనం. వాపును తగ్గించడంలోనూ, చెడిన కణాలు పెరగకుండా చూడటంలోనూ దీనికి పాత్ర ఉంది. దానికితోడు పీచు వల్ల మలం పరిమాణం పెరిగి త్వరగా బయటికి పోతుంది. హానిచేసే పదార్థాలు పేగు గోడకు అంటుకుని ఉండే సమయం తగ్గుతుంది.

2015లో వెలువడిన ఒక పరిశోధన నాకు చాలా నచ్చింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ బృందం 20 మంది నల్లజాతి అమెరికన్లను, దక్షిణాఫ్రికా పల్లెల నుంచి 20 మందిని ఎంచుకుంది. రెండు వారాలపాటు ఒకరి తిండి ఇంకొకరికి పెట్టింది. అమెరికన్లకు పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది, కొవ్వు తగ్గింది. ఆఫ్రికావాళ్లకు పీచు 66 గ్రాముల నుంచి 12 గ్రాములకు పడిపోయింది, మాంసం, కొవ్వు పెరిగాయి. రెండే వారాల్లో అమెరికన్ల పేగులో వాపు తగ్గి బ్యూటిరేట్ పెరిగింది. ఆఫ్రికావాళ్లలో సరిగ్గా దీనికి తలకిందులైంది. రెండు వారాల్లో క్యాన్సర్ రాదు, పోదు. కానీ పేగు మన కంచాన్ని ఎంత త్వరగా పసిగడుతుందో దీనివల్ల తెలిసింది.

అంతకుముందే అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2011లో ఒక లెక్క తీశారు. రోజుకు పీచు 10 గ్రాములు పెరిగితే ఈ క్యాన్సర్ ముప్పు సుమారు 10 శాతం తగ్గుతోందని తేలింది. ముఖ్యంగా పొట్టు తీయని ధాన్యాల వల్ల వచ్చే పీచుకు ఈ గుణం స్పష్టంగా కనిపించింది.

జొన్న సంగటి నుంచి తెల్లన్నానికి

ఇప్పుడు మన నంద్యాల సంగతికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో వంద గ్రాముల గింజల్లో పీచు ఎంతో ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో సుమారు 3 గ్రాములు. జొన్నల్లో సుమారు 10 గ్రాములు. రాగులు, సజ్జల్లో సుమారు 11 గ్రాములు. మన బుడ్డల్లో, అంటే వేరుశనగల్లో సుమారు 10 గ్రాములు.

రోజుకు 400 గ్రాముల ధాన్యం తినే కూలి మనిషిని లెక్కకు తీసుకోండి. జొన్నలైతే 40 గ్రాముల పీచు వస్తుంది. బియ్యమైతే 11 గ్రాములే. మనకు రోజుకు సుమారు 30 గ్రాములు కావాలని పోషకాహార శాస్త్రవేత్తలు చెబుతారు. అవ్వ చిన్నప్పుడు తిన్న రొట్టె, సంగటి, కొర్రన్నం ఆ లెక్కను సులువుగా దాటించేవి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మన పెద్దవాళ్లు ఆరోగ్య సూత్రం తెలిసి జొన్నలు తినలేదు. గతిలేక తిన్నారు. వరి అన్నం పండగనాడు, పెళ్లినాడు దొరికేది. అవ్వ చెప్పేది – చిన్నప్పుడు ఆసామి ఇంట్లో కూలికి పోతే వాళ్ల కంచాల్లో తెల్లన్నం, వీళ్ల దోసిట్లో జొన్న సంగటి అని. కె.సి. కెనాల్ కింద, ఆ తర్వాత తెలుగుగంగ కింద వరి పెరిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మన ఇళ్లలో రోజూ పొయ్యి మీద తెల్లన్నం ఉడికింది. ఆ అన్నం కడుపు నింపింది, గౌరవమూ ఇచ్చింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపునిండా తినేవాళ్లకు లేదు.

కానీ బియ్యంతోపాటు ఇంకొకటి జరిగింది. జొన్నలు కంచంలోంచి పూర్తిగా తప్పుకున్నాయి. కొర్రలు పక్షుల మేత అన్నట్టయ్యాయి. ఇప్పుడు అవే కొర్రలు పట్నాల్లో రంగుల ప్యాకెట్లలో బియ్యంకంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నంద్యాలలో 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం నంద్యాల తెల్లజొన్న రకాలను, సూర్యనంది లాంటి కొర్ర రకాలను తయారుచేసి దేశానికి ఇచ్చింది. ఆ కేంద్రం మీదుగా రోజూ బస్సులో కాలేజీకి పోయినా దాని విలువ నాకు అప్పుడు తెలియదు. విత్తనం మన ఊరిదే, పంట మన నేలదే. కంచం మాత్రం దూరమైంది.

కొర్రలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త: తెల్లగా మెరిసేట్టు బాగా పాలిష్ పట్టినవాటిలో పీచు చాలావరకు తవుడుతో పోతుంది. కాస్త రంగున్న గింజలే మంచివి.

మాంసం మాట

ఈ భాగం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మన ఇళ్లలో మాంసం గురించి బయటివాళ్లు మాట్లాడితే అందులో ఆరోగ్యంకంటే ఎగతాళే ఎక్కువ వినబడుతుంది. అందుకే సైన్సు ఏం చెబుతుందో అంతవరకే చెబుతాను.

2015 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో 10 దేశాలకు చెందిన 22 మంది శాస్త్రవేత్తలు కూర్చుని అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించారు. ఉప్పువేసి, పొగబెట్టి, రసాయనాలు కలిపి నిల్వచేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుందని తేల్చారు. తాజా ఎర్ర మాంసాన్ని "బహుశా కారణం కావచ్చు" అనే కింది తరగతిలో పెట్టారు.

ఎర్ర మాంసం అంటే ఏది? పొట్టేలు, మేక, గొడ్డు, పంది – ఇవన్నీ ఎర్ర మాంసాలే. పెద్దకూరకు ఒక న్యాయం, పొట్టేలు కూరకు ఒక న్యాయం సైన్సులో లేవు. కులం చూసి పేగు పనిచేయదు. కోడి, చేప ఈ లెక్కలోకి రావు.

నిల్వ మాంసం రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అంటే వందమంది తింటే పద్దెనిమిది మందికి క్యాన్సర్ వస్తుందని కాదు. బ్రిటన్ లాంటి దేశంలో వందమందిలో అయిదారుగురికి జీవితకాలంలో ఈ జబ్బు వస్తుందనుకుంటే, రోజూ అట్లా తినేవాళ్లలో అది ఆరేడుగురు అవుతుంది. అదీ ఏళ్ల తరబడి రోజూ తింటే. పొగాకునూ, నిల్వ మాంసాన్నీ ఒకే తరగతిలో పెట్టారంటే రెండూ సమానంగా ప్రమాదమని కాదు. రెండింటికీ సాక్ష్యం గట్టిగా ఉందని మాత్రమే.

తాజా ఎర్ర మాంసం వారానికి వండిన తర్వాత తూకంలో 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకోమని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. వారానికొకసారి కిలో తెచ్చి ఆరేడుగురు తినే ఇంట్లో ఆ లెక్క దాటే అవకాశమే లేదు. రక్తహీనతతో ఉండే మన ఆడవాళ్లకు మాంసంలోని ఇనుము అవసరం కూడా. కాబట్టి ఆదివారం కూరను చూసి భయపడొద్దు.

భయపడకపోయినా గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఎండు తునకలు, ఉప్పుకండలు. ఉప్పువేసి నిల్వచేసినవి కాబట్టి అవి నిల్వ మాంసం లెక్కలోకే వస్తాయి. ఎప్పుడో ఒకసారి తింటే సరే, రోజూ నంజుకోవడం మంచిది కాదు. రెండు, నిప్పుల మీద నల్లగా మాడ్చిన మాంసం. ఎక్కువ వేడికి మాంసంలో హానికరమైన పదార్థాలు పుడతాయి. ఉడికించి వండే మన పులుసు కూర దానికంటే మేలు.

పాలు, సారా, బీడీ, కారం

2025 జనవరిలో బ్రిటన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 5 లక్షల 42 వేల మంది మహిళల తిండిని, ఆరోగ్యాన్ని సుమారు 16 ఏళ్లకు పైగా గమనించారు. రోజుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా తీసుకున్నవాళ్లలో ముప్పు 17 శాతం తక్కువగా కనిపించింది. అది ఒక పెద్ద గ్లాసు పాలతో వచ్చే కాల్షియం. రోజుకు 20 గ్రాముల ఆల్కహాల్ అదనంగా తాగేవాళ్లలో ముప్పు 15 శాతం ఎక్కువగా కనిపించింది. కాబట్టి పెరుగు, మజ్జిగ ఇంట్లో ఉన్నంతవరకు పెద్దవాళ్లకు తప్పకుండా పెట్టాలి.

సారా, బ్రాందీ, బీరు – పేరు ఏదైనా లోపల ఉండేది ఆల్కహాలే. బీడీ, సిగరెట్ వల్ల కూడా ఈ ముప్పు పెరుగుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం, ఒంటికి పని లేకపోవడం కూడా కారణాలే. చేలో పనిచేసే శరీరానికి ఒక రక్షణ ఉంది. ట్రాక్టర్లు వచ్చి, పిల్లలు సంపాదించి పెద్దవాళ్లు అరుగు మీద కూర్చున్నాక ఆ రక్షణ తగ్గుతుంది.

మా ఊళ్లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటి: "మన సీమ కారం వల్ల వచ్చిందా?" పెద్ద పరిశోధన సంస్థలు ఈ క్యాన్సర్‌కు కారణాలుగా నిర్ధారించిన జాబితాల్లో మిరపకారం లేదు. అలాగే "వేడి చేయడం" అనేది కూడా లేదు.

మరి అవ్వకు ఎందుకొచ్చింది?

మా నాయన ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన జవాబు ఇది. తిండి ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. గొడుగు పట్టుకుంటే తక్కువ తడుస్తాం, అసలు తడవమని కాదు. వయసు, వంశం, శరీరంలో జరిగే తప్పులు – ఇవి మన చేతిలో లేవు. పైగా "జన్మంతా జొన్న రొట్టె" అని నాయన అన్నాడు కానీ, చివరి ముప్పయ్యేళ్లు అవ్వ తిన్నది స్టోరు బియ్యం అన్నమూ, పల్చటి చారూ. పళ్లు ఊడాక అదీ తగ్గి టీ, బిస్కెట్లు, బొరుగులే. ఏది ఎంత కారణమో ఒక మనిషి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. లక్షలమందిని చూసి చెప్పే లెక్క ఒక ఇంటికి తీర్పు కాదు.

ఇంకో సంగతి. 2000 సంవత్సరంలో అమెరికాలో సుమారు రెండు వేల మంది మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఒకసారి పాలిప్ తీయించుకున్నవాళ్లకు నాలుగేళ్లు పీచు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉన్న తిండి పెట్టారు. అయినా కొత్త పాలిప్‌లు రావడం తగ్గలేదు. పీచు పనికిరాదని దీని అర్థం కాదు. పదులేళ్లు నెమ్మదిగా పెరిగే జబ్బుకు ఆఖరి నాలుగేళ్ల పథ్యం చాలకపోవచ్చు. అందువల్ల తిండి అలవాటు మన వయసులోనే మొదలుకావాలి. ఒకసారి జబ్బు వచ్చాక కొర్రలతోనో కషాయాలతోనో నయమవుతుందని చెప్పేవాళ్లను నమ్మి చికిత్స ఆలస్యం చేయకూడదు.

పెద్దవాళ్ల కంచంలో ఏం పెట్టాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంది. కూలి ఇళ్లకు అంత కొనడం కష్టమే. మనకు అందుబాటులో ఉన్నవాటితో చేయగలిగినవి చెబుతాను.

1. రోజుకు ఒక పూటైనా జొన్న, రాగి, సజ్జ, కొర్రల్లో ఏదో ఒకటి. పళ్లు లేనివాళ్లకు రొట్టె కష్టమైతే సంగటి, జావ.

2. పప్పులో ఆకుకూర వేసి మెత్తగా ఎనిపి పెట్టాలి. గోంగూర, తోటకూర, మునగాకు ఏదైనా సరే. మునగాకు వంద గ్రాముల్లో సుమారు 8 గ్రాముల పీచు ఉంది. చెట్టు పెరట్లో ఉంటే డబ్బు ఖర్చు లేదు.

3. ఆపిల్ కొనలేకపోయామని బాధ వద్దు. జామపండులో పీచు ఎక్కువ. నమలలేనివాళ్లకు బొప్పాయి, అరటి.

4. సాయంత్రం బిస్కెట్ పొట్లానికి బదులు మెత్తగా ఉడికించిన అలసందలు, శనగలు, బుడ్డలు.

5. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. కొద్ది కొద్దిగా పెంచాలి, నీళ్లు బాగా తాగించాలి. పేగు ఆపరేషన్ అయినవాళ్లు, పేగు సన్నబడినవాళ్లు డాక్టరును అడిగాకే పెంచాలి.

6. ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు రోజూ నడక.

అన్నిటికంటే ముఖ్యం – సిగ్గుపడకుండా చెప్పడం

మన దేశంలో ప్రభుత్వం ఊళ్లలో చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం – ఈ మూడింటికే. బ్రిటన్‌లో యాభై దాటినవాళ్ల ఇంటికి మలపరీక్ష కిట్టు పోస్టులో వస్తుంది. మన ఇంటికి ఏదీ రాదు. కాబట్టి మనమే కనిపెట్టుకుని ఉండాలి.

ఈ లక్షణాలను గుర్తుపెట్టుకోండి: మలంలో రక్తం, ఎర్రగా గానీ నల్లగా గానీ. మూడు వారాలు దాటినా తగ్గని మలబద్ధకం లేదా విరేచనాలు, లేదా ఒకదాని తర్వాత ఒకటి. కడుపులో నొప్పి, ఉబ్బరం. కారణం తెలియకుండా బరువు తగ్గడం. పెద్ద వయసులో రక్తం తగ్గిపోయి నీరసం, ఆయాసం.

వీటిలో ఏది ఉన్నా క్యాన్సరే అని కాదు. చాలామందికి నిజంగా మొలలే ఉంటాయి. కానీ చూడకుండా మొలలని చెప్పకూడదు, వినకూడదు. డాక్టరు వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు. సన్నని గొట్టానికి కెమెరా పెట్టి పేగు లోపల చూస్తారు. పాలిప్ కనిపిస్తే అప్పుడే తీసేయవచ్చు. అంటే క్యాన్సర్ కాకముందే దాన్ని ఆపవచ్చు. ఈ ఎండోస్కోపీ విద్యలో ప్రపంచానికి తెలిసిన హైదరాబాద్ డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది.

అమెరికా లెక్కల ప్రకారం జబ్బు పేగు దాటకముందే కనిపెడితే వందలో సుమారు 90 మంది అయిదేళ్ల తర్వాత కూడా బతికుంటారు. దూరపు అవయవాలకు పాకాక కనిపెడితే పదిహేను మంది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది ఎక్కువగా ఆలస్యమే.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం కింద పేదవాళ్లకు క్యాన్సర్ ఆపరేషన్, కీమోథెరపీ ఉచితంగా దొరుకుతాయి. 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. డబ్బు లేదని ఆగిపోవాల్సిన పని లేదు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! మన ఇళ్లలో కాగితం చదవగలిగేది మనమే. బ్యాంకు పాసుబుక్కు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ మన చేతికే ఇస్తారు. ఒంట్లో బాగాలేని సంగతి మాత్రం "చదువుకునే పిల్లకు ఎందుకులే" అని దాస్తారు. అవ్వ నా దగ్గర దాచింది అందుకే. నేను అడిగేదాకా చెప్పలేదు. నేను అడిగేసరికి ఏడాది గడిచిపోయింది.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అందరూ పడుకున్నాక పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, సిగ్గుపడకుండా ఈ ఒక్క మాట అడగండి: "అవ్వా, బయటికి పోయినప్పుడు రక్తం ఏమన్నా పడుతోందా?"